సమర్ఖంద్ వెళ్లేవారికి నాలుగు మాటలు

ఈ మధ్య మాకు వస్తున్న ఉత్తరాలలోనూ, ఫోనులలోనూ ఒక కొత్త ప్రశ్న తరచుగా వినిపిస్తున్నది. "మౌలానా సాబ్, ఉజ్బెకిస్తాన్ జియారత్ టూరు అంటున్నారు. ఇమామ్ బుఖారీ గారి సమాధి, సమర్ఖంద్, బుఖారా అన్నీ చూపిస్తారట. వెళ్లవచ్చునా? పుణ్యం వస్తుందా?" అని అడుగుతున్నారు. అడిగేవారిలో పదవీ విరమణ సొమ్ము చేతికందిన ఉపాధ్యాయులున్నారు. గల్ఫ్‌లో చెమటోడ్చి కూడబెట్టిన కొడుకు అమ్మీ అబ్బాలను ఒక్కసారి విమానం ఎక్కించాలని ముచ్చటపడుతున్న కుటుంబాలున్నాయి. అయితే కిందటి నెల ఒక సోదరి రాసిన ఉత్తరం మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువగా కలచివేసింది. ఆమెకు వివాహమై తొమ్మిదేళ్లు గడిచాయి, సంతానం కలగలేదు. సమర్ఖంద్‌లోని ఒక పాత మసీదు ఆవరణలో పెద్ద రాతిపీఠం ఉన్నదట, దాని కిందనుంచి దూరి వెళ్లిన స్త్రీకి కడుపు పండుతుందట. చూసివచ్చిన బంధువులెవరో చెప్పారు. అత్తగారు గాజులు తాకట్టు పెట్టయినా సరే ప్రయాణం కట్టమంటున్నారు. "ఇది నిజమేనా?" అని మాత్రమే ఆమె అడిగారు.

ఆమెకు సమాధానం చెప్పేముందు అసలు ప్రయాణం సంగతి చూద్దాం. లోకసంచారాన్ని ఇస్లాం వద్దనలేదు. భూమిపై తిరిగి, మనకు ముందు గతించిన జాతుల పర్యవసానం ఏమైందో చూడమని దివ్యఖుర్‌ఆన్ అనేక చోట్ల ఆదేశిస్తుంది. ఆ చూపు ఎలా ఉండాలో దైవప్రవక్త (స) తమ ఆచరణ ద్వారా చూపించారు. హిజ్రీ 9వ ఏట తబూక్ యాత్రలో, సమూద్ జాతివారు కొండలు తొలిచి కట్టుకున్న ఇళ్లున్న అల్‌హిజ్ర్ మీదుగా వెళ్లవలసి వచ్చినప్పుడు, ఆయన తల కప్పుకొని వాహనాన్ని వేగంగా నడిపించారని, ఏడుస్తూ తప్ప ఆ ఇళ్లలోకి అడుగుపెట్టవద్దని సహచరులను హెచ్చరించారని హదీసులలో ఉన్నది. అదే అల్‌హిజ్ర్ 2008లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. సౌదీ అరేబియా నుంచి ఆ జాబితాలో చేరిన మొదటి స్థలం అదే. ఇప్పుడక్కడ యాత్రికుల బస్సులు ఆగుతున్నాయి, ఫోటోలు తీసుకుంటున్నారు. స్థలం మారలేదు, చూసేవాడి మనసే మారింది.

విశేష పుణ్యాన్ని ఆశించి ప్రయాణం కట్టదగిన మసీదులు మూడే అని మనకు తెలుసు: మక్కాలోని మస్జిదుల్ హరామ్, మదీనాలోని మస్జిదున్నబవీ, జెరూసలేములోని మస్జిదుల్ అఖ్సా. కేవలం సమాధుల దర్శనానికి దూరప్రయాణం చేయడంపై పండితుల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. ఆ చర్చను ఇక్కడ పెంచదలచలేదు. విద్యను, చరిత్రను తెలుసుకోవాలనే సంకల్పంతో వెళ్లేవారిని మేము అడ్డగించము. కాని హజ్ విధి అయి ఉండీ నెరవేర్చనివారు ఆ సొమ్ముతో సమర్ఖంద్ వెళ్లడం మాకు సమ్మతం కాదు. బుఖారా శివారులో ఉన్న ఖ్వాజా బహావుద్దీన్ నక్ష్‌బంద్ (రహ్మ) గారి సమాధిని కొన్నిసార్లు దర్శిస్తే హజ్‌తో సమానమన్న మాట ఆ ప్రాంతంలో వాడుకలో ఉన్నది. 1389లో మరణించిన ఆ మహనీయుడు జీవితమంతా షరీఅతును పాటించమనే బోధించారు. ఆయన పేరిట ఇటువంటి లెక్క చెలామణీ కావడం ఎంత విడ్డూరం!

మదరసాలో హదీసు తరగతికి వచ్చిన పిల్లవాడికి మేము మొదట నేర్పేది సనదు. ఈ మాట నీకెవరు చెప్పారు? ఆయనకెవరు చెప్పారు? ఆ గొలుసులో ఒక్క లంకె తెగినా, ఒక్కరి జ్ఞాపకశక్తి బలహీనమైనదని తేలినా, మాట ఎంత అందంగా ఉన్నా సరే, పక్కన పెట్టవలసినదే. ఈ పద్ధతిని శిఖరానికి చేర్చిన ఇమామ్ బుఖారీ (రహ్మ) పుట్టిన గడ్డ బుఖారా, కన్నుమూసిన గడ్డ సమర్ఖంద్ శివారు. కొన్నేళ్ల క్రితం తోటి ఉపాధ్యాయులు కొందరితో కలిసి ఆ నగరాలను చూసే అవకాశం అల్లాహ్ మాకు ప్రసాదించాడు. అక్కడ మాకు అడుగడుగునా కనిపించిన వింత ఏమిటంటే, సనదు నేర్పిన మహనీయుడి ఊరిలోనే సనదు లేని కథలు రాశులు పోసి ఉన్నాయి. గైడు చెబుతాడు, యాత్రికుడు తల ఊపుతాడు, ఇంటికి వచ్చి పదిమందికి చెబుతాడు. ఆ పదిమందిలో ఒకరు గాజులు తాకట్టు పెడతారు.

సమర్ఖంద్‌లో అందరూ ముందుగా చేరేది రిగిస్తాన్ మైదానం. మూడు వైపులా మూడు మదరసాలు, ఆకాశాన్ని నేలకు దింపినట్లు నీలిరంగు పలకలు. నిజంగానే కళ్లు తిప్పుకోలేము. ఎడమవైపున ఉన్నది ఉలుగ్ బేగ్ మదరసా. 1417లో మొదలై 1420లో పూర్తయింది. ఎదురుగా ఉన్న షేర్‌దార్ మదరసా 1619, 1636 సంవత్సరాల మధ్య కట్టినది. మధ్యలోని తిల్లాకారీ 1646లో ప్రారంభమైంది. మదరసా ఉపాధ్యాయులమైన మాకు అక్కడ మొదట కనిపించినవి హుజ్రాలు, అంటే విద్యార్థులు ఉండి చదువుకున్న చిన్న గదులు. మోకాళ్లు ముడుచుకుని కూర్చుని, నూనె దీపం వెలుగులో గ్రంథాలు వల్లెవేసిన ఆ గదులలో ఇప్పుడు పట్టు కండువాలు, పింగాణీ పళ్లేలు, కుట్టుపని చేసిన టోపీలు అమ్ముతున్నారు. అమ్మేవారిని తప్పుపట్టడం లేదు, అది వారి జీవనోపాధి. కాని ఒక హుజ్రా గుమ్మంలో మాలో ఒకరు అలాగే నిలబడిపోయారు. దుకాణదారు ఆయన ధర ఆలోచిస్తున్నారనుకుని తగ్గిస్తానన్నాడు.

షేర్‌దార్ ముఖద్వారంపై ఒక విచిత్రం ఉన్నది. రెండు పులులు, ముందు పరుగెత్తే లేళ్లు, పులుల వీపులపై మనిషి ముఖం ఉన్న సూర్యుళ్లు. మదరసా గుమ్మంపై ప్రాణుల బొమ్మలు! ఎందుకు వేశారంటే ఒక్కో గైడు ఒక్కో కథ చెబుతాడు. మేము చెప్పేది ఒక్కటే. కట్టించినవాడు యలంగ్‌తోష్ బహాదుర్ అనే సైనిక పాలకుడు. అతని అభిరుచి షరీఅతుకు ప్రమాణం కాదు. ముస్లిం కట్టించినదల్లా ఇస్లామీ కాదని పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి బొమ్మల పాఠం దొరకదు. ఇంకొక సంగతి కూడా తెలుసుకుని వెళ్లండి. మనం చూసే మెరుపులో చాలా భాగం ఇరవయ్యవ శతాబ్దపు మరమ్మతుల ఫలితమే. భూకంపాలు, నిర్లక్ష్యం వల్ల ఈ కట్టడాలు సగం కూలి ఉన్నాయి. తిల్లాకారీపై మెరిసే నీలి గుమ్మటం సోవియట్ కాలంలో కట్టినది. చూసి ఆనందించడానికి ఇది అడ్డం కాదు, కాని ఏది పాతది, ఏది కొత్తది అని అడిగి చూడటంలో వేరే ఆనందం ఉన్నది.

రిగిస్తాన్‌కు కాస్త దూరంలోనే బీబీ ఖానుమ్ మసీదు. మన సోదరి అడిగిన రాతిపీఠం ఉన్నది ఇక్కడే. 1399లో తైమూరు దీని నిర్మాణాన్ని ప్రారంభించాడు. ఆ సంవత్సరాన్ని మనవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. అంతకు ముందు, 1398 డిసెంబరులో అతడు ఢిల్లీని కొల్లగొట్టాడు. ఢిల్లీ ముందర యుద్ధానికి దిగేముందు, వెంట ఉన్న బందీలు తిరగబడతారేమోనన్న అనుమానంతో వారందరినీ చంపించాడు. ఆ సంఖ్య లక్ష అని అతన్ని పొగుడుతూ రాసిన చరిత్రకారులే రాసుకున్నారు. అప్పుడు ఢిల్లీ గద్దెపై ఉన్నది తుగ్లక్ వంశపు ముస్లిం సుల్తాను. కొల్లబోయిన ఇళ్లలో కలిమా చదివేవారి ఇళ్లూ ఉన్నాయి, చదవనివారి ఇళ్లూ ఉన్నాయి. అక్కడి శిల్పులను, రాతిపనివారిని తైమూరు తనతో తరలించుకుపోయాడు. 95 ఏనుగులు ఈ మసీదుకు రాళ్లు మోశాయని అతని ఆస్థాన చరిత్రలు చెబుతాయి. మన దేశపు ఏనుగులు, మన దేశపు పనివారు, మన దేశపు సొమ్ము. అంత గుమ్మటం, అంత ద్వారం ప్రపంచంలో మరెక్కడా ఉండకూడదని తొందరపెట్టి కట్టించాడు. పూర్తయిన కొద్ది కాలానికే పైనుంచి ఇటుకలు రాలసాగాయి. 1897 భూకంపంలో కమాను కూలిపోయింది. ఇప్పుడున్నది తిరిగి నిలబెట్టినది.

ఈ మాటలు చదివి కొందరు సోదరులు నొచ్చుకోవచ్చు. మన ఘనతను మనమే తగ్గించుకోవడమెందుకని అడగవచ్చు. తైమూరు మన ఘనత ఎప్పుడయ్యాడు? అన్యాయంగా తెచ్చిన ఒక దారంతో కుట్టిన వస్త్రంలో నమాజు గురించి మన ఫుఖహాలు ఎంతగా చర్చించారో పాఠకులకు తెలుసు. ఒక నగరాన్ని ఊచకోత కోసి తెచ్చిన సొమ్ముతో కట్టిన మసీదును చూసి ఛాతీ విరుచుకోవడం విశ్వాసికి ఎలా తగును? చూడండి, తప్పకుండా చూడండి. ఆ గోడల ఎత్తు చూసి, ఢిల్లీ వీధులను కూడా తలచుకోండి.

ఇక ఆ రాతిపీఠం. అది పెద్ద ప్రమాణంలో రాసిన ఖుర్‌ఆన్ ప్రతిని ఉంచి చదవడానికి చేసిన రిహల్, అంతే. మన ఇళ్లలో చెక్కతో చేసినది ఉంటుంది, అది పాలరాతితో చేసినది. మొదట మసీదు లోపల ఉండేది. పందొమ్మిదవ శతాబ్దంలో ఆవరణలోకి మార్చారు. దాని కింద దూరితే సంతానం కలుగుతుందని ఏ ఆయత్‌లో ఉన్నది? ఏ హదీసులో ఉన్నది? సహాబాలలో ఎవరు చేశారు? ఏ ఇమామ్ చెప్పారు? సనదు లేదు సోదరీ. ఖుర్‌ఆన్‌ను పైన పెట్టి చదవవలసిన పీఠం కింద మనుషులు పాకుతున్నారంటే, గ్రంథం చేజారిన తర్వాత పీఠమే మిగిలిందన్నమాట.

సంతానం ప్రసాదించేవాడు అల్లాహ్ ఒక్కడే. వృద్ధాప్యంలో ఇబ్రాహీం (అలై) ఎవరిని అడిగారో, ఎముకలు బలహీనపడి తల నెరిసిన తర్వాత జకరియ్యా (అలై) రహస్యంగా ఎవరిని మొరపెట్టుకున్నారో మీకు తెలుసు. మీరు ఉన్న ఊరిలోనే, మీ గదిలోనే, తహజ్జుద్ వేళ ఆ మొర పెట్టుకోవచ్చు. దానికి విమానం టిక్కెట్టు అక్కరలేదు. దుఆతో పాటు వైద్యం కూడా మన సున్నతే. ఇక్కడ మీ అత్తగారికి, మీ వారికి కూడా ఒక మాట చెప్పాలి. పరీక్షలు భార్యకు మాత్రమే చేయించి చేతులు దులుపుకోవడం మన ఇళ్లలో పెద్ద అన్యాయం. లోపం పురుషునిలో ఉండే అవకాశం కూడా ఉన్నదని వైద్యులు చెబుతారు. కాబట్టి ఇద్దరూ కలిసి వెళ్లాలి. ఇక తాకట్టు అంటే వడ్డీ. వడ్డీ సొమ్ముతో దీవెనల కోసం ప్రయాణం! ఆ గాజులు మీ చేతికే ఉండనివ్వండి. అవి మీ మహర్‌లో భాగమైతే వాటిని తాకట్టు పెట్టమని అడిగే హక్కు అత్తగారికి గాని, భర్తకు గాని లేదు.

ఇటువంటివి సమర్ఖంద్‌లో ఇంకా ఉన్నాయి. షాహే జిందా అనే సమాధుల వీధి ఉన్నది. కొండవాలున ఇరుపక్కలా వరుసగా నీలి గోరీలు; ఆ పలకల పనితనం రిగిస్తాన్‌ను కూడా మించినదని మా అభిప్రాయం. ఎక్కేటప్పుడు మెట్లు లెక్కపెట్టి, దిగేటప్పుడు అదే లెక్క వస్తే పాపాలు లేనట్లట. పాపం, పెద్దవాళ్లు కూడా పెదవులు కదిలిస్తూ లెక్కపెట్టుకుంటున్నారు. దైవప్రవక్త (స) పినతండ్రి కుమారుడు ఖుసమ్ బిన్ అబ్బాస్ (రజి) గారి సమాధి అక్కడ ఉన్నదని ప్రతీతి. ఆయన ఆ ప్రాంతాలకు వచ్చిన మాట చరిత్రకారులు రాశారు. మరణించినది సమర్ఖంద్‌లోనని కొందరు, మర్వ్‌లోనని కొందరు చెప్పారు. తల తెగిన తర్వాత ఆ తలను చేతబట్టుకుని బావిలోకి వెళ్లి నేటికీ జీవించి ఉన్నారన్నది మాత్రం కట్టుకథ. మరొకచోట దానియాల్ (అలై) గారిదని చూపే సమాధి 18 మీటర్ల పొడవున్నది. ఏటేటా పెరుగుతున్నదట!

అన్నిటికంటే ప్రసిద్ధమైనది తైమూరు శాపం. అతని సమాధి గోరె అమీర్‌ను 1941 జూన్‌లో సోవియట్ శాస్త్రజ్ఞులు తెరిచారు. రెండు మూడు రోజులకే, జూన్ 22న జర్మనీ రష్యాపై దండెత్తింది. "చూశారా, సమాధి తెరిచినందుకే!" అంటారు. ఆ దండయాత్రకు హిట్లర్ ఆదేశపత్రంపై సంతకం చేసినది 1940 డిసెంబరులో. అంటే శాపం తగిలేందుకు ఆరు నెలల ముందే సైన్యాలు సిద్ధమవుతున్నాయి. తేదీలు పక్కపక్కన పెట్టి చూడటమే సనదు పరిశీలన. గోరె అమీర్‌లో మాకు నచ్చిన సంగతి ఒకటున్నది, దానిని గైడ్లు చప్పున దాటవేస్తారు. ప్రపంచాన్ని గడగడలాడించిన తైమూరును పాతిపెట్టినది అతని గురువు సయ్యద్ బరకా పాదాల చెంత. ఉపాధ్యాయులకు జీతాలు ఆలస్యం చేసే మదరసా కమిటీల పెద్దలు ఈ యాత్రకు తప్పక వెళ్లాలని మా సిఫారసు.

ఆ గుమ్మటం కిందనే తైమూరు మనుమడు ఉలుగ్ బేగ్ కూడా ఉన్నాడు. అతని గురించి మేము కొంచెం నిదానంగా చెప్పదలచాము. తాత దేశాలు జయించాడు, మనుమడు నక్షత్రాలు లెక్కించాడు. 1420లలో సమర్ఖంద్ శివారు కొండపై అతడు నక్షత్రశాల కట్టించాడు. దూరదర్శిని ఇంకా పుట్టని కాలమది. సుమారు 40 మీటర్ల వ్యాసార్ధం ఉన్న భారీ వంపును రాతితో కట్టి, సగం నేలలోకి దించి, దానిపై పడే వెలుగును కొలిచి సూర్యుని గమనాన్ని లెక్కించారు. గియాసుద్దీన్ కాషీ, ఖాజీజాదా రూమీ, అలీ ఖుష్జీ వంటి మహాగణితజ్ఞులు అక్కడ పనిచేశారు. 1,018 నక్షత్రాల స్థానాలతో పట్టిక తయారైంది. సంవత్సరం పొడవును వారు నేటి లెక్కకు ఒక్క నిమిషం లోపు తేడాతో చెప్పగలిగారు. ఖాజీజాదా రాసిన షర్హె చగ్మీనీ అనే ఖగోళ గ్రంథం మన దేశపు దర్సె నిజామీలో తరతరాలుగా పాఠ్యగ్రంథం. ఇప్పుడు చాలాచోట్ల తొలగించారు. ఆ కొండపై నిలబడినప్పుడు, తొలగించినవారు మంచిపని చేశారని మాకు అనిపించలేదు.

ఉలుగ్ బేగ్ మంచి పాలకుడు కాదు. యుద్ధాలలో ఓడిపోయాడు, కొడుకుతో కూడా పొరపొచ్చాలు తెచ్చుకున్నాడు. 1449లో హజ్‌కు బయలుదేరినవాడిని దారిలోనే, కన్నకొడుకు అబ్దుల్ లతీఫ్ పంపిన మనుషులు తల నరికి చంపారు. తర్వాతి కాలంలో నక్షత్రశాల నేలమట్టమైంది, ఎక్కడ ఉండేదో కూడా జనం మరచిపోయారు. 1908లో వ్యాత్కిన్ అనే రష్యన్ పరిశోధకుడు పాత వక్ఫ్ పత్రం ఆధారంగా తవ్వి, నేలలో దాగిన ఆ వంపును బయటపెట్టాడు. మా దృష్టిలో సమర్ఖంద్‌లో చూడవలసిన వాటిలో మొదటిది ఇదే. మెరుపు లేదు, పలకలు లేవు. నేలలో ఒక లోతైన గాడి, దాని అంచున గుర్తులు. పిల్లలను తీసుకెళ్లేవారు ఇక్కడ గంట ఎక్కువసేపు ఉండండి. ఆ కుటుంబాన్నే తీసుకుని వారితో మాట్లాడండి. తాత కొల్ల, తండ్రీకొడుకుల వైరం, మధ్యలో ఈ లెక్కలు. ఏవి నిలిచాయి?

మన తెలుగువారికి సమర్ఖంద్‌తో ఒక నేరుబంధం ఉన్నది. ఆసఫ్‌జాహీ వంశ స్థాపకుడైన మొదటి నిజాం తాతగారు ఖ్వాజా ఆబిద్, కిలిచ్ ఖాన్‌గా ప్రసిద్ధుడు, ఆ ప్రాంతం నుంచే వచ్చినవాడు. ఔరంగజేబు సేనలో ఉండి, 1687లో గోల్కొండ ముట్టడిలో ఫిరంగి గుండు తగిలి మరణించాడు. అతని సమాధి మన హిమాయత్‌సాగర్ సమీపంలోనే ఉన్నది. హైదరాబాదులో ఉండి దానిని చూడనివారు వేల మైళ్లు వెళ్లి సమర్ఖంద్ సమాధులు చూడటంలో తొందరేమున్నది?

బుఖారాకు వస్తే మనసు తేలికవుతుంది. ఊరు చిన్నది, గోడలన్నీ మట్టిరంగు. 1127లో కట్టిన కల్యాన్ మినారు దాదాపు 46 మీటర్ల ఎత్తున నిలిచి ఉన్నది. 1220లో చెంగిజ్ ఖాన్ నగరాన్ని తగలబెట్టినా దీనిని వదిలేశాడు. మసీదులో ఖుర్‌ఆన్ ప్రతులుంచే పెట్టెలను అతని సైనికులు గుర్రాలకు దాణా తొట్లుగా వాడారని జువైనీ అనే చరిత్రకారుడు రాశాడు. తర్వాతి పాలకులు అదే మినారు పైనుంచి శిక్షపడినవారిని కిందికి తోయించేవారు. అజాన్ కోసం కట్టిన మినారు! దానికి ఎదురుగా ఉన్న మీరె అరబ్ మదరసా పదహారవ శతాబ్దానిది. సోవియట్ పాలనలో మూతపడి, 1940లలో తిరిగి తెరుచుకుంది. ఆ విశాల సామ్రాజ్యంలో ఇమాములను తయారుచేసే మదరసాగా దశాబ్దాలపాటు దాదాపు ఇదొక్కటే మిగిలింది. నేటికీ అక్కడ పిల్లలు చదువుతున్నారు. అందువల్ల యాత్రికులను గుమ్మం దగ్గరే ఆపేస్తారు. జాలీ కిటికీ గుండా చూడవలసినదే. రిగిస్తాన్ హుజ్రాలన్నీ తిరిగి చూసిన మాకు, లోపలికి రానివ్వని ఆ గుమ్మం ఎంతో హాయినిచ్చింది.

అక్కడే మగాకె అత్తారీ అనే పాత మసీదు ఉన్నది. ఇస్లాం రాకముందు ఆ స్థలంలో విగ్రహాల సంత జరిగేదని, తర్వాత అగ్ని ఆలయం ఉండేదని పదవ శతాబ్దపు చరిత్రకారుడు నర్షఖీ రాశాడు. ఇతరుల ఆరాధనా స్థలాలను చూడవచ్చునా అని కూడా కొందరు అడుగుతున్నారు. పిల్లల కళాశాల యాత్రలు హంపికో, అజంతాకో వెళుతుంటాయి కదా. ఆరాధనలో పాల్గొనకుండా, ప్రసాదం, హారతి వంటి వాటిలో చేరకుండా, చరిత్రను, శిల్పాన్ని తెలుసుకునేందుకు చూడవచ్చునని చాలామంది పండితుల మాట. ఇతరులు పూజించేవాటిని దూషించవద్దని ఖుర్‌ఆన్ స్పష్టంగా వారించింది. కనుక అక్కడ వెకిలి నవ్వులు, వెటకారపు ఫోటోలు మన పిల్లలు చేయరాదు. ప్రపంచంలో అత్యధిక ముస్లిం జనాభా గల ఇండోనేషియా, బోరోబుదూర్ బౌద్ధ స్థూపాన్ని యునెస్కో సాయంతో 1975 నుంచి 1982 వరకు రాయిరాయిగా విప్పి తిరిగి పేర్చి నిలబెట్టింది. దానివల్ల అక్కడివారి తౌహీద్ తగ్గలేదు.

చివరగా ఖర్తంక్. సమర్ఖంద్ నుంచి సుమారు 25 కిలోమీటర్లు. ఇమామ్ బుఖారీ (రహ్మ) హిజ్రీ 194లో బుఖారాలో జన్మించారు. తండ్రి చిన్నప్పుడే గతించారు, తల్లి పెంచింది. పసితనంలో చూపు పోగా, ఆ తల్లి కన్నీటి దుఆల ఫలితంగా తిరిగి వచ్చిందని జీవిత చరిత్రకారులు రాశారు. పదహారేళ్ల వయసులో తల్లితో, అన్నతో హజ్‌కు వెళ్లి, విద్య కోసం అక్కడే ఉండిపోయారు. బస్రా, కూఫా, బాగ్దాద్, సిరియా, ఈజిప్టు తిరిగి, పదహారేళ్లు శ్రమించి సహీహ్‌ను కూర్చారు. ఒక్కో హదీసు రాసేముందు గుస్ల్ చేసి రెండు రకాతుల నమాజు చదివేవారు. చివరికి స్వగ్రామం చేరినప్పుడు, బుఖారా పాలకుడు తన కొడుకులకు మహలుకు వచ్చి పాఠం చెప్పమన్నాడు. విద్యను పాలకుల గుమ్మాలకు మోసుకెళ్లనని, కావలసినవారు మసీదుకు రావచ్చునని ఇమామ్ కబురు పంపారు. దానికి ప్రతిఫలం నగర బహిష్కారం. ఖర్తంక్‌లో బంధువుల ఇంట ఆశ్రయం పొంది, హిజ్రీ 256లో ఈదుల్ ఫిత్ర్ ముందటి రాత్రి కన్నుమూశారు.

సోవియట్ కాలంలో ఆ సమాధి చాలా ఏళ్లు నిరాదరణకు గురైంది. 1956లో వచ్చిన ఇండోనేషియా అధ్యక్షుడు సుకర్ణో చూస్తానని పట్టుబట్టడంతోనే హడావుడిగా బాగుచేశారని ఇండోనేషియావారు చెప్పుకుంటారు. 1998లో పెద్ద కట్టడం వెలిసింది. అక్కడికి చేరినవారు సలాం చెప్పండి, ఇమామ్ కోసం అల్లాహ్‌ను ప్రార్థించండి. సమాధి చుట్టూ తిరగడం, గోడలు తడిమి ముఖానికి రాసుకోవడం, ఇమామ్‌నే అడగడం వంటివి ఆయన సేకరించిన హదీసులే వారిస్తున్నాయి.

వెళ్లదలచినవారికి మరికొన్ని విషయాలు. వేసవిలో ఎండ మన రెంటచింతలను మరపిస్తుంది, చలికాలంలో మంచు పడుతుంది. ఏప్రిల్, మే, సెప్టెంబరు, అక్టోబరు అనుకూలం. అక్కడివారు ఎక్కువగా హనఫీలు, నమాజు సమయాలలో మనకు తికమక ఉండదు. పదిహేను రోజులలోపు బస కనుక ఖస్ర్ చేసుకోవాలి. కొన్ని భోజనశాలలలో మద్యం కూడా ఉంటుంది, చూసి కూర్చోండి. టూరువారు ఇచ్చే జాబితాలో దుకాణాలకు ఎన్ని గంటలు, నక్షత్రశాలకు ఎన్ని నిమిషాలు కేటాయించారో డబ్బు కట్టకముందే అడగండి. తాష్కెంట్ నుంచి సమర్ఖంద్‌కు వేగపు రైలులో రెండు గంటలకు కాస్త ఎక్కువ పడుతుంది. సహీహ్ బుఖారీలో మొదటి అధ్యాయం, దైవవాణి ఆరంభం గురించినది, కొద్ది పుటలే ఉంటుంది. తెలుగు అనువాదం వెంట తీసుకెళితే, పిల్లలలో ఒకరు చదువుతుండగా మిగిలినవారు వినడానికి ఆ ప్రయాణ సమయం సరిపోతుంది.